పక్కన ఉన్నవాళ్ళు

మంగళవారం, మధ్యాహ్నం

వదినా,

మీ మరదలు రాస్తోంది. మూడేళ్ళుగా మీరు మా గడప తొక్కలేదన్న అలకతో నేను మీకు రెండు ముక్కలు కూడా రాయలేదు. ఆ అలక ఇప్పుడు పక్కన పెడుతున్నాను, తర్వాత తీరిగ్గా అలుగుతాను. ఫోన్ చేద్దామంటే మీ తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. మాది రెండు గదుల ఇల్లు, ఈ గదిలో దగ్గితే ఆ గదిలోంచి మంచినీళ్ళు తెచ్చిస్తారు. అందుకని లాండ్రీలో భోజనాల వేళ, హోటలు దుప్పట్లు ఒక పక్కకి జరిపి, ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్కడక్కడా అక్షరాలు తడిసి ఉంటే అది ఆవిరి. అన్నీ ఆవిరే అనుకోండి.

ముందు కంగారు పడకండి. మన పిడుగు బాగానే ఉంది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. ఆ కట్టు మీద తరగతిలో పిల్లలందరి చేతా సంతకాలు చేయించుకుంటానని పెన్ను పట్టుకుని కూర్చుంది. దాని సంగతి తర్వాత. అసలు సంగతి చెప్పాలంటే నేను రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది మీకు చెప్పాలి.

రెండేళ్ళుగా మీ తమ్ముడికి నా మీద మనసు లేదనుకున్నాను వదినా. నవ్వకండి. గ్లాసు అందిస్తే అందుకునేవాడు కాదు, చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయేది. పక్కన నడుస్తుంటే పట్టించుకోకుండా ముందుకు వెళ్ళిపోయేవాడు. చీకటి పడితే చాలు, కాళ్ళు నొప్పులనో తలనొప్పి అనో ఇల్లు కదిలేవాడు కాదు. రాత్రి బస్సులు నడపనని డ్యూటీలన్నీ పగటికి మార్పించుకున్నాడు. మాతో గడపడానికేమో అని మురిసిపోయాను, తీరా చూస్తే గోడవైపు తిరిగి రేడియో వింటూ కూర్చునేవాడు. పక్కింటావిడ ఒకసారి అననే అంది, "మీ ఆయన బజార్లో నేను పలకరింపుగా నవ్వినా మొహం తిప్పుకుని పోయాడమ్మా, ఏమైనా గొప్పవాళ్ళయ్యారా మీరు?" అని.

ఒకరోజు భోజనాల బల్ల దగ్గర, ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను. చప్పుడు చెయ్యకుండా. కావాలనే, చూస్తాడేమో అని. కన్నీళ్ళు కారి కంచంలో పడుతున్నాయి. ఆయన తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, "పప్పులో ఉప్పు తగ్గింది" అన్నాడు, వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు తేలిపోయింది, ఈ మనిషి నన్ను చూడటం మానేశాడని. ఇంకో మనిషి ఎవరైనా ఉందేమో అనే దాకా వెళ్ళింది నా బుద్ధి. చొక్కాలు వాసన చూశాను వదినా. మీకు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. డీజిలు వాసన తప్ప ఏమీ లేదు.

అందుకే ఈ ప్రయాణం పెట్టింది నేనే. శని, ఆదివారాలు కొండ మీది ఊరు వెళ్దాం, జలపాతాలు చూద్దాం అన్నాను. పిల్లకి చెప్పింది అది. నా మనసులో మాత్రం వేరే ఉంది. అక్కడైనా మొహం మీద అడిగేద్దాం, నాతో ఉండాలని ఉందా లేదా చెప్పెయ్యమందాం, లేదంటే పిల్లని తీసుకుని వేరే ఉందాం అనుకున్నాను. పెట్టెలో దానికీ నాకూ రెండు జతలు ఎక్కువే సర్దాను.

డిపోలో మెకానిక్కు తన వ్యాను ఇచ్చాడు. శనివారం తెల్లగా తెల్లవారాక బయల్దేరాం. ఆయన స్టీరింగు పట్టుకుంటే నాకెప్పుడూ భయం ఉండదు, పద్దెనిమిదేళ్ళుగా బస్సు నడుపుతున్న చెయ్యి. కొండ ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి మలుపు దగ్గరా తల ఆ పక్కకీ ఈ పక్కకీ గిర్రుగిర్రున తిప్పుతున్నాడు. వెనక సీట్లో పిడుగు ఒకటే నవ్వు. "అమ్మా, నాన్న చూడు, గింజలేరుకునే కోడిలా!" ఆయనా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడని నేను సంతోషించాను కూడా. తర్వాత సొరంగం వచ్చింది. పట్టుమని పావు మైలు ఉండదు. బండి నత్తలా పాకింది. వెనక వాళ్ళు హారన్లు, తిట్లు. ఆయన మెడ మీద చెమట చూశాను. "లైట్లు సరిగా లేవు ఈ బండికి" అన్నాడు. నమ్మాను.

ఊరు బాగుంది వదినా, చూడాల్సిన ఊరు. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. కిటికీ తెరిస్తే మబ్బు లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంటుంది. వీధులన్నీ మెట్లే. ఉన్ని దుస్తుల కొట్టు ముందు నుంచి వెళ్తూ మీ తమ్ముడు టోపీల స్టాండుని తన్నుకున్నాడు, టోపీలన్నీ మెట్ల మీద దొర్లిపోయాయి. కొట్టాయన మంచివాడు, "కొనకపోయినా ఫరవాలేదు సార్, తన్నకండి" అన్నాడు. అందరం నవ్వుకుంటూ ఏరాం. ఆయన మాత్రం వంగి, పక్కనే ఉన్న టోపీని వదిలేసి గచ్చు తడుముతున్నాడు. అప్పుడైనా నాకు తట్టాలి కదా! నా దుఃఖం నా కళ్ళకి అడ్డం.

సాయంత్రం దీపాలు చూసొద్దామని పిల్ల చెయ్యి పట్టి లాగింది. రానన్నాడు. "నాన్నకి మనతో తిరగడం ఇష్టం లేదు, కదమ్మా?" అని అడిగింది నన్ను దారిలో. రేపు జలపాతం దగ్గర అడిగేద్దామని ఆ దారిలోనే ఖాయం చేసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే జలపాతానికి వెళ్ళాం. మూడు అంచెలుగా పడుతుంది. కింది అంచె దగ్గర రెయిలింగు అయిపోయి బండలు మొదలవుతాయి, జనం అక్కడే నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ హోరు ఎలా చెప్పను? మా లాండ్రీలో అన్ని మెషిన్లూ ఒకేసారి తిప్పినా దాని ముందు గుసగుసే. చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అక్కడ ఏదీ అడగలేనని అర్థమై, కాసేపు ఆగి పైన అడుగుదామని, మూడు టీలు తేవడానికి మెట్లెక్కాను.

గ్లాసులతో తిరిగి వస్తూ కిందికి చూశాను. ఆయన బండ మీద నిలబడి నీళ్ళవైపే చూస్తున్నాడు. మొహం మీద చిన్న నవ్వు. ఆయనకి ఎడమ పక్కన, మూడు బారల దూరంలో, మన పిడుగు నడుము దాకా నీళ్ళలో ఉంది. జారింది. ఒక చేత్తో వేరు పట్టుకుని వేలాడుతోంది. నోరు తెరుచుకుని ఉంది. ఏమంటోందో నాకు వినపడలేదు గాని ఆ నోరు "నాన్నా" అనే అంటోందని మెట్ల మీద నుంచే తెలుస్తోంది. ఆయన కదల్లేదు వదినా. నవ్వు కూడా చెదరలేదు. పక్కన పిల్ల కొట్టుకుపోతుంటే మనిషి నీళ్ళు చూసి నవ్వుతున్నాడు.

గ్లాసులు ఎక్కడ పడేశానో తెలియదు. నేను మెట్లు దిగేలోపు, అక్కడ యాత్రికులకి ఫొటోలు తీసే ఆయన కెమెరా మెళ్ళోనే ఉంచుకుని నీళ్ళలోకి దూకి దాన్ని జబ్బ పట్టి లాగాడు. బండ మీదికి తెచ్చి పడుకోబెట్టి, మీ తమ్ముడి చొక్కా పట్టుకుని ఊపేశాడు. నేను అప్పటికి దగ్గరికి వచ్చేశాను. చెవి దగ్గర అరిచాడు గనక విన్నాను.

"పిల్ల పక్కనే చచ్చిపోతుంటే నించుని చూస్తావేంటయ్యా! కళ్ళు కనపడవా నీకు?"

మీ తమ్ముడు పిల్లవైపు తల పూర్తిగా తిప్పి చూశాడు. మొహంలో రక్తం లేదు. "కనపడవు" అన్నాడు.

ఫొటోల ఆయన అది పొగరనుకున్నాడు. చెయ్యెత్తాడు. నేను మధ్యలోకి వెళ్ళాను. పద్నాలుగేళ్ళు కాపరం చేసిన నేను ఆ మాట మొదటిసారి ఒక పరాయివాడితో పాటు విన్నాను.

ఆ ఊరి ఆసుపత్రిలో పిల్లకి కట్టు వేయించాం. మీ తమ్ముడు జేబులోంచి వ్యాను తాళాలు తీశాడు. "ఇటివ్వండి" అన్నాను. మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. వ్యాను అక్కడే లాడ్జిలో వదిలి బస్సులో వచ్చాం. జీవితంలో మొదటిసారి ఆయన బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం చూశాను. పిల్ల నా ఒళ్ళో నిద్రపోయాక చెప్పాడు.

మూడేళ్ళ కిందటే పెద్దాసుపత్రిలో చూపించుకున్నాడట. కంటి వెనక పొర అంచుల నుంచి చచ్చిపోతూ వస్తోందన్నారట. మందు లేదు. ముందు రేచీకటి, తర్వాత పక్క చూపు పోతుంది, చివరికి మధ్యది కూడా. "ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది. గొట్టంలోంచి చూసినట్టు. ఏడాదికోసారి డిపో పరీక్షలో అక్షరాల పట్టీ చివరి వరుస దాకా చదివేస్తాను. పక్కన ఏముందో చెవులతో పట్టుకునేవాణ్ణి. ఇవాళ ఆ నీళ్ళు నా చెవులు కూడా తీసేసుకున్నాయి" అన్నాడు.

"మూడేళ్ళుగా జనాన్ని ఎక్కించుకుని తిప్పుతున్నారా?" అన్నాను.

"బండి మీద ఒక్క గీత పడలేదు."

"బండి సంగతి కాదు నేనడిగేది."

"పోయిన నెల ఒక ముసలావిడ బుట్టతో ఎడమ పక్క నుంచి అడ్డం వచ్చింది. నాకు కనపడలేదు. కండక్టరు అరిస్తే బ్రేకు వేశాను. బుట్ట పోయింది, మనిషికి ఏం కాలేదు" అన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా, "స్టీరింగు తీసేస్తే నేనేం మిగుల్తానే?" అన్నాడు.

వదినా, నేనేం చెయ్యాలి? నా మీద మనసు లేక కాదని తెలిసి లోపల ఏదో వెలిగింది, మరుక్షణమే ఆ వెలుగుకి సిగ్గేసింది. పిల్ల చెయ్యి పేరు చెప్పి పది రోజులు సెలవు పెట్టాడు. తర్వాత మళ్ళీ బస్సెక్కుతానంటున్నాడు, ఇంకా జాగ్రత్తగా ఉంటాడట. "డిపో మేనేజరుకి మీరు చెప్తారా, నేను చెప్పనా?" అన్నాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. నేను చెప్తే నన్ను జన్మలో క్షమించడు. చెప్పకపోతే ఇంకెవరి పిల్లో ఆ ఎడమ పక్కన ఉంటుంది. మీరు పెంచిన మనిషి, మీ మాట కాదనడు. ఒక్క ఉత్తరం రాయండి.

ఇంకొకటి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరు అడిగాడట. "లేదు, మా నాన్న తాగేవాడు, అంతే" అని చెప్పాడట. మామయ్యగారిని నేను చూడలేదు. మీకేమైనా తెలిస్తే రాయండి.

మీ మరదలు


శుక్రవారం

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. చేతిరాత వేరుగా ఉందేమిటా అని చూస్తున్నావా? ఇది రాస్తున్నది నేను కాదు, మా కింద వాటాలో ఉండే టైలరమ్మ. నేను చెప్తుంటే రాస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించింది కూడా ఆవిడే. కాబట్టి నువ్వు చొక్కాలు వాసన చూసిన సంగతి ఇప్పుడు ముగ్గురికి తెలుసు. ఆవిడా మొగుడి చొక్కాలు చూసేదట, కుట్లు చూస్తున్నానని చెప్పి.

నవ్వించి చెప్తే తేలికవుతుందనుకున్నాను, అవడం లేదు. చెప్పేస్తున్నాను. నాకూ అదే జబ్బు. నీ మొగుడి కంటే ముందు మొదలైంది. బళ్ళో లెక్కలు చెప్పడం మానేసింది మోకాళ్ళ నొప్పులకి కాదు. బోర్డు మీద నేను వేసిన లెక్కలో సగం నాకే కనపడక. మూడేళ్ళుగా మీ ఇంటికి రానిది అందుకే. వస్తే తలుపుకి కొట్టుకుంటాను, గ్లాసు తన్నుతాను, వాడు కనిపెట్టేస్తాడు. వాడికి ఇలాంటిది రాకూడదని మొక్కుకుంటూ నేను ఇక్కడ దాక్కున్నాను. నాకు తెలియకూడదని వాడు అక్కడ దాక్కున్నాడు. ఇప్పుడు నాకు కిటికీ వెలుతురు మాత్రం తెలుస్తుంది. దాని ముందు మనిషి వచ్చి నిలబడితే నీడ తెలుస్తుంది.

ఇక నువ్వు అడిగింది. మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం పెట్టుకుంటే ఆవగింజంత మర కూడా దొరకబుచ్చుకునేవాడు. దుకాణం మూసి, మునిమాపు వేళ ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం గోడలు పట్టుకుని, తూలుతూ, ఒక్కోసారి పడిపోతూ వచ్చేవాడు. తాగి వస్తున్నాడని వీధంతా అనేది. ఆ మాట వీధిలో పుట్టింది కాదమ్మాయ్. మా అమ్మే పుట్టించింది. ఎవరైనా అడిగితే తలవంచుకుని, "ఏం చెయ్యనండీ, అలవాటు" అనేది. తాగుబోతు పిల్లలంటే జనం జాలిపడి ఊరుకుంటారు, గుడ్డితనం ఉన్న ఇల్లంటే ఆ పిల్లల్ని ఎవరూ చేసుకోరు, ఎవరూ పని ఇవ్వరు అని అమ్మ లెక్క. మా నాన్న జన్మలో ఒక్క చుక్క ముట్టలేదు. ఆ మాట మోస్తూ బతికాడు. మాకు కూడా చెప్పలేదు.

ఆయన పోయాక అమ్మ నాకొక్కదానికే చెప్పింది. తమ్ముడికి చెప్పనని ఒట్టు వేయించుకుంది. నీ పెళ్ళప్పుడు నిన్ను పక్కకి పిలిచి చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాను. నువ్వు అద్దం ముందు నవ్వుతూ జడ వేసుకుంటున్నావు. వెనక్కి వెళ్ళిపోయాను. నేను నోరు విప్పి ఉంటే నువ్వు తెలిసే ఈ ఇంటికి వచ్చేదానివి, లేదా రాకుండా ఉండేదానివి. ఆ ఎంపిక నీది, నేను లాక్కున్నాను. అమ్మ చెప్పిన రోజే వాడికి చెప్పి ఉంటే, వాడు స్టీరింగు పట్టుకోక ముందే వేరే పని చూసుకునేవాడు. ఆ రోజు నీళ్ళలో పిల్ల వేలాడింది నా ఒట్టు వల్ల. క్షమించమని అడగను. అడిగే హక్కు నాకు లేదు.

(ఇక్కడ పెద్దమ్మగారు ఆగిపోయారు. మంచినీళ్ళు ఇచ్చాను. — టైలరు)

సరే. వాడికి ఉత్తరం రాయమన్నావు కదా. వాడికి వేరే రాయను. ఇదే వాడి ముందు కూర్చుని చదువు. గట్టిగా చదువు. మా ఇంట్లో ఇన్నాళ్ళూ అన్నీ మెల్లగా చెప్పుకున్నాం, చాలు. బస్సు దిగమని అక్క చెప్పిందని చెప్పు. అడుక్కుంటోందని కాదు, చెప్పిందని చెప్పు.

ఇంకొక మాట చెప్పాలి, నోరు రావడం లేదు. పిల్లని చూపించండి. వెంటనే చూపించండి. మా ఇద్దరికీ వచ్చింది కదా, అందుకని. 

మీ వదిన


బుధవారం

వదినా,

ముందుగా ఇది చదివి వినిపిస్తున్న టైలరమ్మగారికి: మీరు లేకపోతే మా ఇంట్లో ఈ మాటలు ఎప్పటికీ గొంతు దాటేవి కావు. మధ్యలో చదవడం కష్టమైతే ఆగండి, ఆగి చదవండి. కంగారేమీ లేదు.

వదినా, ఇది మూడువారాల కబురు. ఆలస్యం చేసింది చేతకాక. ఒక్కొక్కటే చెప్తాను.

మీరు చెప్పినట్టే గట్టిగా చదివాను. పిల్లని బడికి పంపి, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పక్కన కాదు, ఎదురుగా. మీ కళ్ళ సంగతి దగ్గర "అక్కకా?" అన్నాడు. చదవమని చెయ్యి ఊపాడు. మామయ్యగారి సంగతి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. "ఏమన్నావ్? మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "తాగలేదా?" అన్నాడు. "ఒక్క చుక్క కూడానా?" అన్నాడు. మూడోసారి చదివించుకున్నాడు.

ఆయనకి పదిహేనేళ్ళప్పుడు ఒక సాయంత్రం, బడి స్నేహితులతో వస్తుంటే, మామయ్యగారు వీధి మలుపులో కాలవలో పడి ఉన్నారట. "ఎవరక్కడ? కాస్త చెయ్యివ్వండి బాబూ" అంటున్నారట. ఈయన ఎవరో తెలియనట్టు, స్నేహితులతో నవ్వుకుంటూ దాటి వెళ్ళిపోయాడట. "గొంతు గుర్తుపడతాడని మాట్లాడకుండా వెళ్ళానే. నాకు అప్పుడు కళ్ళున్నాయి. చూసి కూడా వెళ్ళిపోయాను" అన్నాడు. వదినా, కళ్ళు పోతున్నాయని తెలిసినా, పిల్ల నీళ్ళలో పడినా ఏడవని మనిషి ఆ రోజు నేల మీద కూలబడి ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. చేత్తో తడిమి నా చెయ్యి వెతుక్కున్నాడు. ఇన్నాళ్ళూ ఆ తడుముడు ఎవరికీ కనపడకూడదని చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగాడట. నేను దాన్ని నిర్లక్ష్యం అనుకున్నాను.

మీరు క్షమాపణ అడగనన్నారు. నిజం చెప్పాలంటే మీ మీద కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. అద్దం ముందు జడ వేసుకుంటున్న ఆ పెళ్ళికూతురికి నిజం చెప్పి ఉంటే ఏం చేసేదో ఆలోచించాను. నాకు తెలియలేదు. ఇక ఆ ఆలోచన ఆపేశాను, ఎందుకంటే అది ఏం చేసి ఉన్నా, దాని కడుపున ఈ పిడుగు పుట్టకపోతే నేను ఒప్పుకోను.

ఉత్తరం చదివాక వచ్చిన సోమవారం నేను డిపోకి బయల్దేరుతుంటే "నేనొస్తాను" అన్నాడు. గేటు దగ్గర "ఇక్కడే ఉండు" అని ఒక్కడే లోపలికి వెళ్ళాడు. అరగంట తర్వాత ఆయనతో పాటు ఆయన కండక్టరు కూడా బయటికి వచ్చాడు. ముసలాయన, కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఏడాదిగా నాకు తెలుసమ్మా. ఎడమ పక్క నేనే చూసి పెట్టేవాణ్ణి. ఈల వేస్తే ఆగేవాడు. స్నేహం అనుకున్నాను. ఆ బుట్ట ఆవిడ తర్వాత నాకు తిండి సయించలేదు. ఈ నెల అతను చెప్పకపోతే నేనే చెబుదామనుకున్నాను, నోరు రాలేదు" అన్నాడు. మేనేజరు మొదట కేకలేశాడట, తర్వాత టీ తెప్పించాడట. కూర్చుని చేసే పని ఏదైనా చూస్తామన్నారు. ఇంకా ఏమీ తేలలేదు. ఇప్పటికి ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే ఆయన వేళకి లేచి, యూనిఫాం వేసుకోబోయి, ఆగి, మళ్ళీ మడత పెడతాడు. ఆ మడత పెట్టడం నేను చూడలేను. లాండ్రీకి పది నిమిషాలు ముందే వెళ్ళిపోతున్నాను.

ఆసుపత్రిలో తెల్లకర్ర ఇచ్చారు. నడక నేర్పిస్తాం రమ్మన్నారు. ఆయన దాన్ని బీరువా వెనకకి తోసేశాడు. "నేను నడిపిన రూట్లో నన్ను కర్రతో చూడాలా జనం?" అన్నాడు. నేను బలవంతం చెయ్యలేదు.

ఇక పిల్ల. మీరు అడగాలని అడగలేకపోతున్నది అదే కదా.

చూపించాం వదినా. చీకటి గదిలో కూర్చోబెట్టి, కళ్ళలో మందు వేసి, పక్కల నుంచి చిన్న చిన్న దీపాలు వెలిగించి, కనపడగానే మీట నొక్కమన్నారు. నేను అద్దం బయట నిలబడ్డాను. దీపం వెలిగింది, అది నొక్కలేదు. ఇంకొకటి వెలిగింది, నొక్కలేదు. డాక్టరు చెప్పక ముందే నాకు తెలిసిపోయింది. అంచుల్లో మొదలైందన్నారు. మెల్లగా వస్తుందట, పెద్దదయ్యే దాకా, ఇంకా తర్వాత దాకా చాలా చూపు ఉండొచ్చట. ఎప్పుడని ఎవరూ చెప్పలేరట. ఆ రోజు నీళ్ళ దగ్గర అది జారిన చోటు పక్కగా ఉండి, దానికి కనపడలేదేమో. ఆ మాట డాక్టరు అనలేదు, నేనే అనుకుంటున్నాను.

బయటికి వచ్చాక దానికి ఐస్‌క్రీం కొనిచ్చి, ఏమీ లేదని చెప్పేద్దామనిపించింది. మీ అమ్మగారు నాకు అప్పుడు అర్థమయ్యారు వదినా. పూర్తిగా అర్థమయ్యారు. నోటి చివర అబద్ధం సిద్ధంగా ఉంది, తియ్యగా ఉంది. మీ తమ్ముడే ఆపాడు. "మా నాన్న నాకు చెప్పలేదు. నేను దీనికి చెప్తాను" అన్నాడు.

మొన్న ఆదివారం పొద్దున, కాఫీలయ్యాక, వంటింటి గట్టు మీద దాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. అన్నీ చెప్పాడు. తాతయ్య గురించి, మీ గురించి, తన గురించి, చివరికి దాని గురించి. నేను సింకు దగ్గర నిలబడి గిన్నె తోముతున్నాను. తోమిందే తోముతున్నాను.

చాలాసేపు కాళ్ళు ఊపుతూ కూర్చుంది. కట్టు మీది పేర్లు గోకింది. తర్వాత అడిగింది.

"ఎప్పుడు? వచ్చే సంవత్సరమా?"

"కాదురా. చాలా మెల్లగా. నువ్వు పెద్దదానివయ్యాక."

"నీకంటే ముందా, తర్వాతా?"

"నా తర్వాతే. నాకు మొత్తం పోయాక కూడా నీకు చాలా ఉంటుంది."

దాని మొహంలో భయం లేదని చెప్పను, ఉంది. "అయితే నువ్వు ముందు వెళ్ళి, ఎలా ఉందో చూసి నాకు చెప్పు" అంది.

మీ తమ్ముడు దాని నుదుటి మీద నుదురు ఆనించి అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. బీరువా జరిపిన చప్పుడైంది. కర్ర పట్టుకుని బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, గుమ్మం దిగాడు. మొదటి అడుగే రాయికి తగిలింది. పక్కింటావిడ వాకిట్లోనే ఉంది, చేస్తున్న పని ఆపేసి చూసింది. ఆయన తల ఆవిడవైపు పూర్తిగా తిప్పి, "నాకు పక్కన ఉన్నవాళ్ళు కనపడరండీ, అందుకే ఆ రోజు పలకరించలేదు" అన్నాడు. వీధంతా వినపడేలా అన్నాడు. తర్వాత టక్కు, టక్కు మనిపించుకుంటూ వెళ్ళాడు. నేను వెంట వెళ్ళబోతే పిల్ల నా కొంగు పట్టుకుని ఆపింది. "వద్దమ్మా, నాన్న ఒక్కడే వెళ్ళాలి" అంది.

వీధి చివరి మలుపు దాకా వెళ్ళాడు. రెండుసార్లు ఆగాడు. ఒకసారి గోడ పట్టుకున్నాడు. తిరిగి వచ్చేసరికి చొక్కా వీపంతా తడిసిపోయింది. పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

అబద్ధం చెప్పడేమో అని భయపడ్డాను, చెప్తాడేమో అనీ భయపడ్డాను.

"మొదట్లో చాలా భయమేసింది" అన్నాడు. "మలుపు దగ్గర ఇంకా ఎక్కువ. తర్వాత కొంచెం తగ్గింది. రేపు ఇంకొంచెం దూరం వెళ్ళి చూస్తాను."

ఈ ఉత్తరం మీకు చేరిన వారానికి ఆయనా, పిడుగూ మిమ్మల్ని తీసుకురావడానికి బస్సులో వస్తున్నారు. నేను కోడికూతకే లేచి లాండ్రీకి పోయేదాన్ని, ఇంట్లో మీరుంటే నాకు ధైర్యం. గ్లాసులు తన్నినా ఫరవాలేదు, మా ఇంట్లో ఇప్పుడు అన్నీ స్టీలువే.

మీ మరదలు